ముప్ఫై రెండు గీతలు

ఆ రోజు మధ్యాహ్నం మూడో తరగతి టీచరుకు అన్నం సయించలేదు. దిగులుతో కాదు. చాలా నెలల తర్వాత మొదటిసారి, దిగులు కాని మరో కారణంతో డబ్బాకు మూత పెట్టేసి లేచింది. సాయంత్రం నాలుగింటికి ఇరవై ఎనిమిది మంది పిల్లల ఇళ్ళ నుంచి పెద్దవాళ్ళు ఆమె గదికి వస్తున్నారు. ఈ ఏడాది తరగతిలో ఏం చదువుతారు, ఎలా చదువుతారు, పిల్లల చదువును టీచరు ఎలా అంచనా వేస్తుంది, ఇవన్నీ వాళ్ళకు చెప్పాలి. చెప్పి, చివర ఒక కాగితం మీద సంతకాలు తీసుకోవాలి. ఇరవై సంతకాలు. పందొమ్మిది వస్తే చాలదు.

ఇరవై అన్నది హెడ్‌మిస్ట్రెస్ పెట్టిన లెక్క. టీచరు తన తరగతిలో మార్కులూ ర్యాంకులూ తీసేసి కొత్త ప్రోగ్రెస్ కార్డు పెడతానంటే ఆవిడ కాదనలేదు, అవుననీ అనలేదు. నాకు నచ్చితే సరిపోదు అమ్మాయ్, కార్డు చేతిలో పట్టుకుని పక్కింటివాళ్ళకి జవాబు చెప్పుకునేది అమ్మానాన్నలు, వాళ్ళలో ఇరవై ఇళ్ళవాళ్ళు సరేనంటే ఏడాదంతా నీ ఇష్టం, లేదంటే మళ్ళీ పాత కార్డులే, ఇంకెప్పుడూ ఈ మాట ఎత్తకూడదు, అని ఒప్పందం చేసుకుంది.

ఆ కార్డు టీచరు ఒక్కతే తయారుచేసింది కాదు. ఇదే బడిలో ఐదో తరగతి చెప్పే ఆమె భర్త, ఆమె కలిసి రెండేళ్ళపాటు పాత క్యాలెండరు కాగితాల వెనక గీసి, కొట్టేసి, మళ్ళీ గీసి తయారుచేసుకున్నారు. అందులో అంకెలు ఉండవు. ప్రతి పాఠానికీ నాలుగు మెట్లుంటాయి. మొదలైంది. వస్తోంది. వచ్చేసింది. పక్కవాళ్ళకి చెప్పగలరు. ఆ నాలుగో మెట్టు దగ్గర ఇద్దరూ బాగా పోట్లాడుకున్నారు. పక్కవాళ్ళకి చెప్పడం మార్కెలా అవుతుందని ఆమె. అంతకు మించిన మార్కు ఏముందో చూపించమని ఆయన. చివరికి నాలుగో మెట్టు నిలిచింది. ఆయన పోయి తొమ్మిది నెలలైంది. ఇప్పుడు ఆమె మొదటి మూడు మెట్లూ గడగడా చెప్పేస్తుంది. నాలుగోది మాత్రం ఇంట్లో అద్దం ముందు సాధన చేసినన్నిసార్లూ గొంతు దాటి రాలేదు. అందుకని ఆ ఒక్కదాన్నీ బోర్డు మీద రాసిపెడదామని నిర్ణయించుకుంది.

మూడున్నరకు అటెండరు వచ్చి, హాల్లోంచి పెద్ద కుర్చీలు తెప్పించనా అని అడిగాడు. వద్దంది. పెద్దవాళ్ళు ఇవాళ పిల్లల కుర్చీల్లోనే కూర్చోవాలి. అప్పటికే ఆమె బల్లలు నాలుగుసార్లు సర్దింది. బోర్డు రెండుసార్లు తుడిచి మళ్ళీ రాసింది. కిటికీలు లేని పక్క గోడకు పోయిన వానల్లో చెమ్మ దిగి పూతంతా పెచ్చులూడితే బడివాళ్ళు గీకించేశారు. కొత్త పూత ఇంకా వేయలేదు. ఇటుకలు వరుసలు వరుసలుగా బయటికి కనిపిస్తున్నాయి. దాన్ని పిల్లల బొమ్మలతో కప్పేద్దామనుకుంది కానీ బొమ్మలు గోడ పై సగానికే సరిపోయాయి. పోనీలే అనుకుని, చేతికున్న గడియారం విప్పి బల్ల మీద పెట్టింది. అది మగవాళ్ళ గడియారం. ఆమె మణికట్టుకు వదులు.

నాలుగయ్యేసరికి గది నిండింది. ఇరవై ఆరు ఇళ్ళవాళ్ళు వచ్చారు. పిల్లల కుర్చీల్లో పెద్దవాళ్ళు కూర్చోవడం అనుకున్నంత తేలిక కాలేదు. బస్సు కండక్టరు మోకాళ్ళు బల్ల కింద పట్టక, పక్కకు తిరిగి, నడవలో కాళ్ళు చాపి కూర్చున్నాడు. దుకాణం నుంచి నేరుగా వచ్చిన లేడీస్ టైలరు మెడలో టేపు తీయడం కూడా మర్చిపోయింది. ఆమె కండక్టరు కాళ్ళు దాటుకుంటూ, ఇది బస్సు కాదన్నయ్యా, ఫుట్‌బోర్డు మీద ఇంకొకరికి చోటివ్వు, అంది. గదంతా నవ్వింది. ఆ నవ్వు విని టీచరుకు ఒళ్ళు తేలికైంది. పిల్లలు బడి తెరిచిన మొదటి రోజు ఇలాగే నవ్వుతారు.

ముందు వరుసలో కోర్టు టైపిస్టు కూర్చున్నాడు. ఆయన కొడుకు ఒకటో తరగతి నుంచీ ఫస్టు ర్యాంకే. అందుకని బళ్ళో అందరూ ఆయన్ని ఫస్టు ర్యాంకు నాన్న అంటారు. ఆయనకు ఆ పేరంటే కోపం లేదు. పైగా ఆయన ఏ పేచీ పెట్టినా మర్యాదగా, నంబర్లు వేసి పెడతాడు. చివరి వరుసలో, ఇటుక గోడ పక్కన, ఒక తాపీమేస్త్రి. మనవరాలి తల్లిదండ్రులు షిఫ్టులో ఉన్నారని ఆయన వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు కానీ గోళ్ళ అంచుల్లో సిమెంటు వదల్లేదు. ఆయన వెనక హెడ్‌మిస్ట్రెస్ సంతకాల కాగితం పట్టుకుని నిలబడింది. పిల్లల కుర్చీలో కూర్చోడానికి ఆవిడ ఒప్పుకోలేదు.

టీచరు మొదలుపెట్టింది. ఈ ఏడాది చదవడం అంటే అక్షరాలు కూడబలుక్కోవడం కాదనీ, చదివిన కథను సొంత మాటల్లో చెప్పడమనీ చెప్పింది. లెక్కల్లో గుణకారం, భాగహారం, కొలతలు వస్తాయనీ, పరిసరాల పాఠానికి పిల్లలు బడి చుట్టూ తిరిగి చీమల బారులూ, నీళ్ళ కుళాయిలూ లెక్కపెడతారనీ చెప్పింది. ఆ తర్వాత బోర్డు మీద రాసిన జాబితా చదివింది. మాట్లాడాలంటే చెయ్యెత్తాలి. తప్పు వస్తే చింపకూడదు, ఒక్క గీతతో కొట్టేయాలి. జవాబుతోపాటు అది ఎలా వచ్చిందో చూపించాలి. ఇంటిపని ఇరవై నిమిషాలు మించకూడదు, అదీ పిల్లలే చేయాలి.

“పెద్దవాళ్ళు చేస్తే నాకు తెలిసిపోతుంది. పోయినేడు ఒక బాబు ఇంటిపనిలో టీ మరక కూడా ఉంది,” అంది.

కండక్టరు భార్య కండక్టరు వైపు చూసింది. కండక్టరు కిటికీ వైపు చూశాడు.

కార్డు చూపించగానే గది మారింది. అనుకున్నట్టే టైపిస్టు చెయ్యెత్తాడు. ఆయన అడిగింది మూడు విషయాలు. ఒకటి, వస్తోంది అంటే ఎంత వచ్చినట్టు. రెండు, నూటికి తొంభై వచ్చినవాడూ అరవై వచ్చినవాడూ ఒకే మెట్టు మీదుంటే తొంభై తెచ్చుకున్నవాడి కష్టం ఏమైనట్టు. మూడు, పై తరగతుల్లో ఎలాగూ ర్యాంకులుంటాయి కదా, అక్కడికి వెళ్ళి వీళ్ళు బిత్తరపోరా. చాలా తలలు ఊగాయి. టీచరుకు కోపం రాలేదు. సరిగ్గా ఈ ప్రశ్నల కోసమే ఆమె వారం రోజులుగా కాచుకుని ఉంది. సమాధానం తర్వాత చెబుతాననీ, ముందు అందరికీ ఒక చిన్న పరీక్ష ఉందనీ అంది.

పెద్దవాళ్ళ ముఖాలు చూడాలి అప్పుడు. పరీక్ష అనే మాట వినగానే సగం మంది నిటారుగా కూర్చున్నారు. ఇద్దరు పెన్నులు వెతుక్కున్నారు. ఎవరో, చెప్పకుండా పెడితే ఎలా అని గొణిగారు. టీచరు ఇంటికొక కాగితం పంచింది. ప్రశ్న ఒక్కటే. ఈ గది పొడవు ఎన్ని జానలు? ఐదు నిమిషాలు. పాత పద్ధతిలోనే దిద్దుతాను, పదికి మార్కులు, ర్యాంకులు కూడా, అంది. టేపు లోపల పెట్టేయమని టైలరుకు ప్రత్యేకంగా చెప్పింది. టైలరు దాన్ని సంచీలో వేసుకుంటూ, నా చేయి విరిచేసినట్టుంది టీచర్‌గారూ, అంది.

ఆ ఐదు నిమిషాలు గది గదిలా లేదు. కండక్టరు నేలమీద మోకాళ్ళపై పాకుతూ జానలు వేశాడు, సగంలో ఎవరో పలకరిస్తే లెక్క తప్పి మళ్ళీ మూల నుంచి మొదలుపెట్టాడు. ఒక భార్యాభర్తలు చెరో వైపు నుంచి కొలుచుకుంటూ వచ్చి మధ్యలో కలుసుకుని, నీది తప్పంటే నీది తప్పనుకున్నారు. టైపిస్టు పొడుగాటి వేళ్ళతో నెమ్మదిగా, ఒక జానకూ ఇంకో జానకూ మధ్య సందు లేకుండా కొలిచి, కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టి రాసుకున్నాడు, పక్కవాళ్ళు చూడకుండా. మేస్త్రి మాత్రం లేవలేదు. పక్కనున్న ఇటుక మీద ఒకసారి అరచేయి చాపి పెట్టి చూసుకున్నాడు. తర్వాత గోడ వైపు తిరిగి, కళ్ళు చిట్లించి, పెదాలు కదుపుతూ కూర్చున్నాడు. టీచరు అది చూసింది కానీ పట్టించుకోలేదు. ఆమె కళ్ళు గడియారం మీదున్నాయి.

కాగితాలు తీసుకుని, ఎర్ర పెన్నుతో నిలబడే దిద్దింది. ముప్ఫై ఆరు సరైన జవాబు. ఒక్కొక్క జాన తేడాకూ ఒక మార్కు కోత. చేతులు చకచకా నడిచాయి. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని, కళ్ళు మూసుకునైనా చేయగలదు. ఒక కాగితం మీద అంకే లేదు, ఊరికే గీతలున్నాయి. దాని మీద సున్నా చుట్టి కిందికి నెట్టింది.

మొదటి మూడు ర్యాంకులే చదవాలని ఇంటి దగ్గరే అనుకుంది. ఎవరినీ నొప్పించడం ఆమె ఉద్దేశం కాదు. కానీ టైలరుకు పదికి పది, ఫస్టు ర్యాంకు అనగానే టైలరు లేచి అందరికీ దణ్ణం పెట్టడం, కండక్టరు ఈల వేయబోయి ఆగిపోవడం, గదిలో ఆ హుషారు, ఇవన్నీ కలిసి ఆమెను ముందుకు తోశాయి. రెండు, మూడు చదివింది. టైపిస్టుకు ఐదు మార్కులు, పద్దెనిమిదో ర్యాంకు అని చదివింది. చదువుకుంటూ అడుగు దాకా వెళ్ళిపోయింది.

“ఇరవై ఆరో ర్యాంకు, చివరి బల్ల దగ్గర తాతగారు. సున్నా. జవాబు రాయలేదు.”

ముందు వరుసలో టైపిస్టు అప్పటికే లేచి నిలబడ్డాడు. తను రెండుసార్లు కొలిచాననీ, రెండుసార్లూ ముప్ఫై ఒకటే వచ్చిందనీ, ముప్ఫై ఆరు ఎవరి లెక్కో తనకు తెలియాలనీ అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. టీచరు ఎదురుచూసిన క్షణం అదే. తన కుడి చెయ్యి పైకెత్తి, వేళ్ళు చాపి చూపించింది.

“నాది. ముప్ఫై ఆరు నా జానలు.”

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక గది గొల్లుమంది. మీ చెయ్యి కొలతకి మా చేతులు సరిపోవాలంటే ఎలా టీచర్‌గారూ అని కండక్టరు. మనిద్దరి చేతులూ ఒకటే, అందుకే నాకు ఫస్టు, నా గొప్పేం లేదా ఇందులో, అని టైలరు. తన చెయ్యికీ టీచరు చెయ్యికీ తేడా ఉన్నందుకు ఐదు మార్కులు పోయాయని తెలిసి టైపిస్టు కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా. టీచరు ముఖం వెలిగిపోయింది. అంకె చెప్పే దానికన్నా, అది ఎలా వచ్చిందో అడిగితే పిల్లల గురించి ఎక్కువ తెలుస్తుందనీ, కొత్త కార్డు చేసేది అదేననీ అంది. మాటలు వాటంతటవే వచ్చాయి. వెనక హెడ్‌మిస్ట్రెస్ సంతకాల కాగితాన్ని మొదటి బల్ల వైపు పంపడం కనిపించింది. ఎవరో పెన్ను మూత తీశారు.

అప్పుడు చివరి వరుసలో మేస్త్రి చెయ్యెత్తాడు. బోర్డు మీద రాసినట్టే, మోచేయి నిటారుగా పెట్టి, పిలిచేదాకా ఎత్తే ఉంచాడు.

“చెప్పండి తాతగారూ.”

“నేను రాశానమ్మా. మీరు లెక్కపెట్టలేదు.”

ఆయన గొంతులో కోపం లేదు. నిన్న రాత్రి మనవరాలు తనను కూర్చోబెట్టి చెప్పిందట. మా టీచరు ఏమైనా అడిగితే జవాబు ఒక్కటే రాసేయకు తాతా, ఎలా వచ్చిందో చూపించు, మా టీచరు అదే చూస్తుంది అని. అందుకే తను ఎలా లెక్కపెట్టాడో అదే వేశాడట. ఎన్నయ్యాయో మీరు చూసుకుంటారనుకున్నాను, అన్నాడు.

టీచరు అడుగున ఉన్న కాగితం పైకి తీసింది. గీతలు. ఐదేసి చొప్పున కట్టలు కట్టినట్టున్నాయి, నాలుగు నిలువుగా, ఒకటి అడ్డంగా. పక్కన చిన్న ఇటుక బొమ్మ, దాని మీద చెయ్యి బొమ్మ. ఆమె వేలు పెట్టి లెక్కపెట్టింది. ఆరు కట్టలు, మీద రెండు. ముప్ఫై రెండు. వాటి మీద ఎర్రగా, గుండ్రంగా, తను చుట్టిన సున్నా.

ముందు వరుసవాళ్ళు మెడలు చాచి ఆ సున్నాను చూశారు. టైలరుకు అది నచ్చలేదు. ఆమె తేలిగ్గా, “అదీ చూపించడానికే వేశారు కదా టీచర్‌గారూ? పాత పద్ధతిలో ఇలాగే అవుతుందని?” అంది.

నిజానికి అందరూ అదే అనుకుంటున్నారని టీచరుకు కనిపిస్తూనే ఉంది. కండక్టరు మెచ్చుకోలుగా తలాడిస్తున్నాడు. పెన్ను మూత తీసినవాళ్ళు తీసినట్టే ఉన్నారు. అవును అని ఒక్క మాట అంటే చాలు. ఇరవై కాదు, ఇరవై ఆరూ వచ్చేస్తాయి. రెండేళ్ళ క్యాలెండరు కాగితాలు గట్టెక్కుతాయి. అవును అనడానికి ఆమె నోరు తెరిచింది కూడా. బల్ల మీద గడియారం వైపు చూసింది. టైము చూడడానికి కాదు.

“కాదు. ముప్ఫై ఆరు కావాలని వేసిన కొలత. సున్నా మాత్రం నిజంగా నేను వేసిందే. అంకె కనిపించలేదు, గీతలు చూడలేదు. అడగలేదు. తొందరలో ఉన్నాను. తాతగారూ, తప్పు నాది,” అంది.

పెన్నుల మూతలు కొన్ని మళ్ళీ పడ్డాయి. టైపిస్టు ఈసారి లేవకుండా కూర్చునే మాట్లాడాడు. ఈ పద్ధతిని నమ్మి, వారం రోజులు తయారై వచ్చిన టీచరే ఐదు నిమిషాల్లో ఇలా చేస్తే, ఇరవై ఎనిమిది మంది పిల్లలతో ఏడాదంతా ఏం జరుగుతుందో తనకు భయంగా ఉందన్నాడు. మార్కుల్లో తప్పు పడితే కూడి చూసుకుని పట్టుకోవచ్చు. వస్తోంది అని మీరు పొరపాటున రాస్తే మేం దేన్ని కూడి చూసుకోవాలి? ఆయన గొంతులో వెటకారం లేదు. ఈ ప్రశ్న ఆమె వారం రోజుల తయారీలో లేదు.

మేస్త్రి మళ్ళీ చెయ్యెత్తాడు.

“గోడ కట్టేటప్పుడు మేం కన్ను నమ్మం అమ్మా. నలభై ఏళ్ళు కట్టినా సరే. దారానికి గుండు కట్టి వదులుతాం. నాలుగు వరుసలు లేస్తే ఒకసారి, ఇంకో నాలుగు లేస్తే ఇంకోసారి. మీకు ఆ దారం ఏదో చెప్పండి, నేను సంతకం పెడతా.”

టీచరు బోర్డు వైపు తిరిగింది. పిల్లలు ఏం చేయాలో ఉంది. పెద్దవాళ్ళు ఏం చేయకూడదో ఉంది. తను ఏం చేయాలో ఎక్కడా లేదు. క్యాలెండరు కాగితాల్లో కూడా లేదు. ఇద్దరు కూర్చుని రెండేళ్ళు గీశారు, ఇద్దరూ టీచర్లే కాబట్టి ఇద్దరికీ తోచలేదు. ఆ సంగతి తట్టగానే ఆమెకు నవ్వొచ్చింది. ఆయన ఉంటే తల బాదుకునేవాడు, ఆ వెంటనే పెన్సిలు కోసం వెతికేవాడు. ఆమె సుద్దముక్క తీసుకుని, మాట్లాడుతూనే రాయడం మొదలుపెట్టింది.

కార్డుకు కుడివైపు ఒక ఖాళీ గడి పెడదాం. కార్డు ఇంటికొస్తుంది. మీరు పిల్లల్ని ఎన్నొచ్చాయి అని అడగొద్దు, ఎలా చేశావో చూపించు అని అడగండి. వాళ్ళు చూపించింది, నేను రాసిన మెట్టూ కలవకపోతే ఆ గడిలో మళ్ళీ చూడండి అని రాయండి. రాస్తే నేను ఆ పిల్లనో పిల్లాణ్ణో పక్కన కూర్చోబెట్టుకుని, వారం లోపల మళ్ళీ చూడాలి. చూశానని సంతకం పెట్టాలి. ఎన్నిసార్లు రాస్తే అన్నిసార్లు.

“కార్డు వచ్చేది నెలకోసారా?” అని టైపిస్టు అడిగాడు.

“నాలుగు పాఠాలకోసారి,” అంది టీచరు, మేస్త్రి వైపు చూసి.

మేస్త్రి తలాడించాడు. టైపిస్టు బోర్డు మీది వాక్యం రెండుసార్లు చదివి, వారం లోపల అనే మాట కింద గీత గీయమన్నాడు. ఆమె గీసింది.

ఇంతలో టైలరుకు ఒక అనుమానం పట్టుకుంది. టీచరుకు ముప్ఫై ఆరొస్తే తాతకు ముప్ఫై రెండెలా వస్తాయి, అదీ కుర్చీలోంచి లేవకుండా? మేస్త్రి ఈసారి లేచాడు. గోడ దగ్గరికి వెళ్ళి, ఒక ఇటుక మీద చెయ్యి చాపాడు. బొటనవేలు ఒక అంచున, చిటికెనవేలు సున్నం అతుకు దాటి పక్క ఇటుక అంచున. ఇటుకా అతుకూ కలిపితే తన జాన ఒకటి, ఎప్పుడూ ఇంతే, అందుకే వరుసలో ఇటుకలు లెక్కపెట్టాను, కొసన సగం ఇటుకలు రెండుంటే రెంటినీ ఒకటి చేశాను, అని చూపించాడు. అందరూ లేచి గోడ చుట్టూ మూగారు. కండక్టరు ఇటుకలు పైకి లెక్కపెట్టాడు. టైలరు ఇక ఆగలేక సంచీలోంచి టేపు తీసింది. మేస్త్రి జాన తొమ్మిది అంగుళాలు. టీచరు జాన ఎనిమిది. గది పొడవు కండక్టరు ఒక కొస, టైలరు ఒక కొస పట్టుకుని, బల్లలు జరిపి కొలిచారు. ఇరవై నాలుగు అడుగులు. టైపిస్టు అప్పటికే కాగితం మీద గుణకారాలు వేస్తున్నాడు.

“ఎనిమిది ముప్ఫై ఆర్లు రెండొందల ఎనభై ఎనిమిది,” అన్నాడు. కాస్త ఆగి, గొంతు మారి, “తొమ్మిది ముప్ఫై రెళ్ళూ అంతే,” అన్నాడు.

ఇద్దరిదీ కరెక్టే అని కండక్టరు అరిచాడు, తనే కనిపెట్టినట్టు. భార్యాభర్తల జంట మళ్ళీ తమ జానలు కొలుచుకోవడం మొదలుపెట్టింది. రెండు మూడు నిమిషాలపాటు గదిలో టీచరు మాట ఎవరూ వినలేదు. పెద్దవాళ్ళు ఒకరి చేతులొకరు టేపుకు పెట్టుకుంటున్నారు, ఒకరి తప్పు ఇంకొకరికి చెప్పుకుంటున్నారు. ఆమె సుద్దముక్క పట్టుకుని బోర్డుకు ఆనుకుని చూస్తూ నిలబడింది.

సంతకాల కాగితం ఎప్పుడు తిరిగిందో ఆమె చూడలేదు. హెడ్‌మిస్ట్రెస్ తెచ్చి చేతిలో పెట్టింది. ఇరవై రెండు. నలుగురు పెట్టలేదు, అందులో ఒకరు ఇంటికెళ్ళి ఆలోచించుకుంటామన్నారు. టైపిస్టు పెట్టాడు కానీ పక్కన తన చక్కటి చేతిరాతతో, మొదటి పరీక్షల వరకు మాత్రమే, అని రాశాడు. వెళ్ళేముందు ఆమె దగ్గరికి వచ్చి, కొత్త గడితో కార్డు ఇవ్వండి, రేపు ఆఫీసు అయ్యాక నేనే టైపు చేసి తెస్తాను, ఇరవై ఎనిమిది కాపీలు, అన్నాడు. నీకు వేరే శత్రువులు అక్కర్లేదు అమ్మాయ్, నీ మీద నువ్వే సాక్ష్యం చెప్పుకుంటావు, అని హెడ్‌మిస్ట్రెస్ విసుక్కుంది. విసుక్కుంటూనే కాగితం జాగ్రత్తగా మడిచి ఫైల్లో పెట్టుకుంది.

అందరూ వెళ్ళారు. మేస్త్రి మాత్రం టీచరు బల్ల మీంచి తన కాగితం తీసుకుని నిలబడ్డాడు.

“ఇంటికెళ్ళగానే మా పిల్ల అడుగుతుందమ్మా. సున్నా అలాగే ఉంది.”

ఆమె కాగితం తీసుకుంది. సున్నాను చింపలేదు, దిద్దలేదు. జాబితాలో ఉన్నట్టే ఒక్క గీతతో కొట్టేసింది. కింద ఎర్ర పెన్ను ఆనించి, ఆగింది. ఆ మాట ఇంతవరకు క్యాలెండరు కాగితాల మీద, ఇవాళ బోర్డు మీద తప్ప, ఒక మనిషి కాగితం మీద ఎప్పుడూ రాయలేదు. నెమ్మదిగా, పిల్లలకు రాసినట్టు విడివిడిగా రాసింది.

మేస్త్రి కాగితం దూరంగా పెట్టుకుని కూడబలుక్కుని పైకి చదివాడు. “పక్కవాళ్ళకి చెప్పగలరు.” తర్వాత తలెత్తి, “నేనెవరికి చెప్పానమ్మా?” అన్నాడు.

“నాకు.” ఆమె గొంతు సవరించుకుంది. “ఇవాళ నాకు. వచ్చే గురువారం మూడో తరగతికి కొలతల పాఠం ఉంది తాతగారూ, రెండో పీరియడు. పక్కవాళ్ళకి చెప్పగలరు అని ఇప్పుడే రాసిచ్చాను కదా. మీరు రావాలి.”

ఆయన ఇటుక గోడను పైనుంచి కిందిదాకా ఒకసారి చూశాడు. అప్పటికి దీనికి పూత వేసేస్తారేమో అన్నాడు. వేయనివ్వను, అందామె. కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుంటూ, ఏమైనా తేవాలా అని అడిగాడు.

“చెయ్యి తెస్తే చాలు,” అంది టీచరు. బల్ల మీది గడియారం తీసి, వదులుగానే చేతికి పెట్టుకుని, గురువారానికి ఇంకా ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టుకుంది.